నాలుగో స్లాట్‌ల పసుపు

కొన్ని మాటలు నోటిదాక వస్తయ్, మళ్ల లోపటికే పోతయ్. నాది గసొంటి మాట ఒకటి ఏండ్ల తరబడి లోపటనే ఉండె. ప్రతి దసరాకు పైకొచ్చేది. ప్రతి దసరాకు మింగేదాన్ని. అందరికీ జమ్మి ఆకు పెట్టి నవ్వేదాన్ని. ఇగ చాలు. నువ్వెవరో నాకు తెల్వదు, నేనెవరో నీకు తెల్వదు, గదే మంచిగైంది. మొహాలు చూసుకునేటోళ్లకు చెప్పుడు ఎంత కష్టమో నిన్ననే చూసిన. నీకు చెప్పుడు దాని ముంగట ఎంత?

ముందే ఒక మాట. నేను ఏడ్చుకుంట రాస్తలేను. గెలిచినదాని లెక్క రాస్తున్న. తప్పు చేసినదానికి గింత పొగరేందే అంటవా? అను. అనిపిచ్చుకుంట.

మాది బాన్సువాడ. నేను బట్టలు కుడ్త, ఇంటి ముంగటి అర్రలనే నా మిషన్. శ్రీను నా తమ్ముడు. వాని పానం లెక్క ఉన్న దోస్తు కిషన్, నస్రుల్లాబాద్ దిక్కు లంబాడ తండా పిలగాడు. డిగ్రీల ఇద్దరిది ఒక్కటే బెంచి. శ్రీనుకు గేముల పిచ్చి ఎంతంటే, కోటగిరి కాడ మా పొలంల కోతలు నడుస్తుంటే గట్టు మీద కూసుని ఫోన్‌ల తుపాకులు పేల్చేటోడు. వానికి పెద్ద కంప్యూటర్ కావాల్నట. తయారైంది కొనొద్దు, సామాను విడివిడిగ తెప్పించుకుని మన చేతులతోనే జోడిద్దం అన్నడు కిషన్. అప్పటికే బాన్సువాడల నలుగురైదుగురికి జోడించి ఇచ్చిండు. మంచి పేరు ఉండె వానికి.

డబ్బాలు వచ్చిన రోజు మా ఇంట్ల పెండ్లి సందడి. కిషన్ హాల్ల చాప పరిచి కూసున్నడు. ఒక్క డబ్బా కూడ వాడు కొయ్యలే. నా బట్టల కత్తెర తెప్పిచ్చి, "నువ్వే కొయ్యక్కా, నీ చెయ్యి మంచిది" అన్నడు. అన్ని డబ్బాల టేపులు నేనే కోసిన. లోపల సామాను తళతళ మెరుస్తుండె, కొత్త గిన్నెల లెక్క. వాడు ఒక్కొక్కటి పేరు చెప్పి చూపెట్టిండు. గిది బోర్డు, అన్నిటికి ఇదే తల్లి. గివి ర్యాములు, రెండు పట్టీలు, గీ సన్నని సందులల్ల కూసుంటయ్, సందును స్లాట్ అంటరు. రెండో స్లాట్‌ల ఒకటి, నాలుగో స్లాట్‌ల ఒకటి. నేను చెయ్యి పెట్టబోతే ఆపిండు. ముందు ఇనుము ముట్టక్కా, మన ఒంట్ల కూడ కరెంటుంటది, తడిచెయ్యి అయితే అసలే వద్దు, అన్నడు. నేను పకపక నవ్విన. తడిచెయ్యి వద్దు. గా మాట నాకు చెప్పిండు, నా చెవులతోనే విన్న. గిది గుర్తుపెట్టుకో.

దసరా వచ్చింది. మా దిక్కు దసరాకు పనిచేసే ప్రతిదానికి పూజ చేస్తం, నీకు తెలుసు గదా. బాపు ట్రాక్టర్ కడిగి దండ వేసిండు. శ్రీను బండికి నిమ్మకాయలు కట్టిండు, కంప్యూటర్ డబ్బాకు పక్కన మూత లెక్క ఉన్న అద్దం మీద ఇంత కుంకుమ పెట్టి దోస్తులతోని పోయిండు. నేను నా మిషన్‌కు బొట్టు పెట్టుకుంట ఆలోచన చేసిన. మిషన్‌కు పైన మూత మీద పెడ్తమా? పెట్టం. సూది కాడ పెడ్తం, పని జరిగే కాడ. మరి కంప్యూటర్‌కు అద్దం మీద పెడితే అది లోపటికి ఎట్ల అందుతది? పాపం, తమ్ముడు ఎంత ఇష్టపడి తెచ్చుకున్నడు!

అద్దం తీసిన. పసుపు నీళ్లల్ల తడిపి, ఉంగరం వేలితోని బోర్డుకు ఒక బొట్టు, రెండు ర్యాములకు చెరొక బొట్టు. మీద కుంకుమ. కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు మామిడాకుతోని లోపల చల్లిన. దండం పెట్టుకున్న. ఎంత తృప్తో తెలుసా! అప్పుడు యాదికొచ్చింది, తడిచెయ్యి వద్దు. నాలిక కరుచుకున్న. బట్టముక్కతోని కనబడ్డకాడికి తుడిచిన, అద్దం పెట్టిన. రాత్రికి శ్రీను వచ్చి ఆన్ చేస్తే మంచిగనే లేచింది. హమ్మయ్య అనుకున్న.

దీపావళి రాకముందే లొల్లి మొదలైంది. ఆట మంచి జోరు మీద ఉన్నప్పుడు తెర మీది బొమ్మ ఉన్నకాడనే ఆగేది. మనిషి ఒక కాలు లేపి అట్లనే నిలవడేటోడు. చప్పుడు మాత్రం గర్రుమని ఒక్కతీరుగ మోగేది. కొన్నిసార్లు తెర మొత్తం నీలం రంగు అయి, దానంతట అదే బంద్ అయి మళ్ల లేచేది. శ్రీను పరేషాన్. విండోస్ తీసేసి మళ్ల ఎక్కిచ్చిండు, మా ఫొటోలన్ని పోయినయ్. బాయి మోటర్లు ఒక్కసారే లేస్తే వోల్టేజ్ పడిపోతుందేమో అని స్టెబిలైజర్ పెట్టిండు. వేడైతుందేమో అని అద్దం తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టిండు, ఫ్యాన్ గాలికి నా కుట్టు ముక్కలన్ని ఎగిరినయ్. ఆగుడు మాత్రం ఆగలే.

నేను మిషన్ కాడ కూసుని అన్ని చూస్తున్న. ఎందుకు చెప్పలే? మొదటిరోజు నవ్వుతరని చెప్పలే. రెండోరోజు మొదటిరోజు చెప్పలేదని చెప్పలే. నిజానికి దాంతోనే గిట్లైందని నాకు ఖాయంగ తెలుసా? తెల్వదు. తెల్వదనే మాటను అడ్డం పెట్టుకుని పండుకున్న. కానీ తెల్వనిదాన్నే అయితే, శ్రీను దాని మూత తీసినప్పుడల్ల నా మిషన్ ఎందుకు ఆగేది?

ఆఖరికి ఒక దుకాణానికి పట్టుకపోయిండు. ఆయన ర్యాము తీసి రబ్బరుతోని రుద్ది పెడితే నాలుగు రోజులు నడిచింది, మళ్ల అదే కథ. ఇంకోసారి పోతే లైటు వేసి చూసి అన్నడట, లోపల చిలుము పట్టింది, కొత్త బోర్డుకు చిలుమెట్ల వస్తది, ఎవరో పాతది మీకు అంటగట్టిండ్రు అని. నా కొబ్బరినీళ్లు కొత్త బోర్డును పాతదాన్ని చేసినయ్. నింద మాత్రం కిషన్ మీదికి పోయింది.

బాపు వాన్ని ఇంటికి పిలిపిచ్చిండు. అదే హాలు. వాకిట్ల పక్కింటోళ్లు నిలవడి చూస్తుండ్రు.

"కొత్తది చూపిచ్చి పాతది పెట్టినవారా?" అన్నడు బాపు.

కిషన్ బాపు దిక్కు చూడలే, శ్రీను దిక్కు చూడలే. సీదా నా దిక్కు చూసిండు. "అక్కా, డబ్బాలన్ని నీ కత్తెరతోని నువ్వే కోసినవు గదా. జెర చెప్పు."

"నేను పనిల ఉంటి. సక్కగ చూడలే," అన్న.

గంతే. గా ఒక్క మాట. బాపు అందుకున్నడు, తండోళ్లను నెత్తికెక్కిచ్చుకుంటే గిట్లనే అయితదని. శ్రీను ఫోన్‌లకు తల వంచిండు. కిషన్ చెప్పులు తొడుక్కుని పోయిండు. వాని స్క్రూడ్రైవర్ మా కిటికీల మర్చిపోయిండు. తీసి నా కత్తెర పక్కన దాచిన. ఎందుకు దాచిన్నో ఇప్పటికీ తెల్వదు.

ఇగో, అసలు తప్పు గిదే. పసుపు పెట్టుడు తెల్వనితనం, దానికి నన్ను నేను ఎప్పుడో మాఫ్ చేసుకున్న. కానీ గా మాట తెల్వక అన్నది కాదు. కత్తెర నాది. చేతులు నావి. కండ్లు నావి. ఒక పిలగాని ఇజ్జత్ నా నోట్ల ఉన్నప్పుడు నేను నోరు తెరిచి అబద్ధమాడిన. బాపు తిడ్తడని భయమా? లేకుంటే, తండా పిలగాడే గదా, వాని పేరు పోతే ఏమైతది అని నాల కూడ ఎక్కడనో ఉండెనా? గీ రెండోది నన్ను నేను అడుగుడానికే నాకు చాన ఏండ్లు పట్టింది. ఉండె. అబద్ధమెందుకు, ఉండె.

ఊర్ల మాట పాకింది. కిషన్‌తోని జోడిపిచ్చుకునేటోళ్లు బంద్ అయిండ్రు. వాడు వర్ని దిక్కు పొలాలల్ల వరికోత మిషన్ నడుపుడు మొదలుపెట్టిండు. శ్రీను కామారెడ్డిల నౌకరికి పోయిండు. ఇద్దరు దోస్తులు ఎదురుపడితే రోడ్డు మారుతరు. కంప్యూటర్ దుప్పటి కప్పుకుని సజ్జ మీదికెక్కింది.

పోయిన వారం నస్రుల్లాబాద్ నుంచి ఒకామె జాకెట్ ఇచ్చుడానికి వచ్చింది. మాటల మీద మాట వచ్చి చెప్పింది. వాళ్ల కొడుకు పోయి కంప్యూటర్ జోడించియ్యమని కిషన్‌ను బతిమాలిండట. వాడు ముట్టనే ముట్టనన్నడట. నా చెయ్యి మంచిది కాదు, వేరేటోళ్లను చూసుకోండ్రి, అన్నడట.

నేను మిషన్ తొక్కుడు ఆపిన. నీ చెయ్యి మంచిది అని నాకు చెప్పినోడు. అంటే, వాడు మమ్మల్నే కాదు, వాన్ని వాడే అనుమానపడ్డడు! గన్ని ఏండ్లు!

ఇగ ఆగలే. సజ్జ మీదికెల్లి డబ్బా దించిన. ముందు ఇనుము ముట్టిన. వాని స్క్రూడ్రైవర్‌తోనే మూత తీసిన. ఎక్కడ మొదలుపెట్టాలె? నాకు తెలిసింది నా మిషనే. కుట్టు తప్పుతుంటే అన్ని ఒక్కసారే మారిస్తే దొంగ దొరకడు. సూది మార్చి చూడాలె, తర్వాత దారం, తర్వాత బాబిన్. గట్లనే చేసిన. ఫోన్ల వీడియోలు పెట్టుకుని, ఒక ర్యాము తీసేసి ఒకటే రెండో స్లాట్‌ల పెట్టిన. లోపల ఉన్న శ్రీను పాత గేము ఆన్ చేసి వదిలిన. నడిచింది! రెండో ర్యాము అదే స్లాట్‌ల పెట్టిన. నడిచింది! అదే ర్యాము నాలుగో స్లాట్‌ల పెట్టిన. ఆట మొదలైంది, మనిషి ఒక కాలు లేపిండు, గర్రుమంది, ఆగింది.

"దొరికినవ్ బిడ్డా!" అని ఎగిరిన. పక్కింటామె ఏమైందే అని ఉరికొచ్చింది. తెర ఆగిపోతే గంతులేసేది నేనొక్కదాన్నే ఉంట లోకంల.

మెడికల్ షాపుల స్పిరిట్ తెచ్చి, సన్నని బ్రష్షుతోని ఆ స్లాట్ మెల్లగ తోమిన. దూదితోని అద్దిన. దూది పచ్చగైంది. పసుపు. గప్పటి నా పసుపే, ఉంగరం వేలితోని పెట్టింది. సంతోషం, సిగ్గు రెండు ఒక్కసారే వచ్చి మీద పడ్డయ్. ఆరినంక రెండు ర్యాములు పెట్టి ఆన్ చేస్తే, పొద్దటి చాయ్ నుంచి దీపాలు పెట్టేదాక నడిచింది. ఒక్కసారి కూడ ఆగలే. నాకు నేనే చప్పట్లు కొట్టుకున్న.

అప్పుడొక పాడు ఆలోచన వచ్చింది, నీ దగ్గర దాచుడెందుకు. దుమ్ముండె, తుడిచిన, అయిపోయింది అంటే? శ్రీను నెత్తి మీద పెట్టుకుంటడు. బాపు మురుస్తడు. పసుపు సంగతి దూదితోని పాటు పోతది. ఒక పూటంత ఆ ఆలోచన ఎంత తియ్యగుండెనో! మరి కిషన్? వాని చెయ్యి అట్లనే చెడ్డ చెయ్యిగ ఉండాల్నా?

నిన్న ఐతారం. శ్రీనును రమ్మన్న. కంప్యూటర్ బాగైంది, పాతదో కొత్తదో జోడించినోని ముంగటనే తేలుద్దం నడువుండ్రి, అని బాపును కూడ ఆటోల ఎక్కిచ్చిన. మిగిలింది ఇద్దరికీ చెప్పలే, ముందే చెప్తే నా ధైర్యం దారిలనే దిగిపోతదని. డబ్బాను ఒళ్లె పెట్టుకుని కూసున్న. తండాల మమ్మల్ని చూసి కిషన్ నిలవడ్డకాడనే నిలవడ్డడు. వాళ్ల అమ్మ మంచినీళ్లు ఇచ్చింది. వాళ్ల టీవీకి తగిలిచ్చి ఆట పెట్టినం. ఇరుగుపొరుగు జమైండ్రు. నాకు కావాల్సింది గదే. నింద పడ్డది నలుగురి ముంగట గదా.

నిలవడి చెప్పిన. పసుపు పెట్టింది నేను. కొబ్బరినీళ్లు చల్లింది నేను. డబ్బాలు కోసింది నేను, అన్ని కొత్తయే, నా కండ్లార చూసిన. గా రోజు అబద్ధమాడింది నేను. కిషన్ చేతుల ఏ తప్పు లేదు. గంత గట్టిగ నేను ఎన్నడూ మాట్లాడలే.

బాపు లేచి ఆటో కాడికి పోయి నిలవడ్డడు. శ్రీను "అక్కా..." అని ఆగి మొహం తిప్పుకున్నడు. కిషన్ డబ్బా కాడికొచ్చి కూసున్నడు. తర్వాత అడిగిండు, "ఏ స్లాట్?"

"నాలుగోది."

ఫోన్ లైటు వేసి లోపటికి వంగి చూసిండు. "నేనే సక్కగ నొక్కలేదేమో అనుకున్న, ఇన్నేండ్లు," అన్నడు. నాతోని కాదు, ఆ బోర్డుతోని. స్క్రూడ్రైవర్ ఇచ్చిన. అటు ఇటు తిప్పి చూసుకున్నడు. కంప్యూటర్ బంద్ చేసిండు, ఇనుము ముట్టిండు, చెయ్యి లోపటికి పెట్టి ఒక స్క్రూ బిగిచ్చిండు. "గిది వదులుగ పెట్టినవ్," అన్నడు. మళ్ల ఆన్ చేసి చూసి బంద్ చేసిండు.

మాఫ్ చేసిన అనలే. నేను అడగలే. అడిగే హక్కు నాకు లేదు. బాపు నిన్నటి నుంచి నాతోని మాట్లాడుతలేడు, శ్రీను ఫోన్ ఎత్తుతలేడు. ఉండనీ, వాళ్ల కోపం వాళ్లది. డబ్బాను వాని కాడనే వదిలి మేము ఆటో ఎక్కేటప్పుడు వెనకకు తిరిగి చూసిన. కిషన్ ఇంక దాని ముంగటనే కూసున్నడు, మూత తెరిచే ఉంది, చెయ్యి లోపల ఉంది.

ఇయ్యాల పొద్దున్నే ఆ జాకెట్ ఆమె వచ్చి, ఏందమ్మా, తండాల ఏదో లొల్లి చేసినవట అన్నది. కూసోవెట్టి చాయ్ పోసి, మామిడాకు కాడినుంచి కత్తెరదాక మొత్తం చెప్పిన. ఇంకెవరన్న అడగనీ, ఎన్నిసార్లన్న చెప్త.