అమెరికా చరిత్రలో నా దగ్గు

ఆ రోజుల్లో మనిషి గొంతు సముద్రం దాటాలంటే ఎవరో ఒకరి పెట్టెలో, బట్టల మడతల మధ్య ప్రయాణం చేయాలి. ఉత్తరం రాస్తే మా ఆవిడకు ఇంకొకరు చదివి పెట్టాలి. ఆ చదివేవాడు నేను రాయనివి కూడా కలిపి చదివేవాడు. అందుకే దోహాలో ఉన్న మా కడప జిల్లా వాళ్ళమంతా క్యాసెట్లో మాట్లాడి, సెలవు మీద పోయేవాడి చేతికిచ్చి పంపేవాళ్ళం. ఇప్పటి కుర్రాళ్ళు ఫోన్లో పెళ్ళాం ముఖం చూస్తూ కూడా సిగ్నల్ బాలేదని విసుక్కుంటారు. వీళ్ళ చేతికి ఒక ఖాళీ క్యాసెట్టిచ్చి, జవాబు కోసం నలభై రోజులు కూర్చోబెట్టాలని నాకెప్పటి నుంచో కోరిక.

తొంభైల్లో నేను దోహాలోనే అల్ సద్‌లో ఒక అరబ్బు ఇంట్లో హౌస్ డ్రైవర్ని. అందరూ నన్ను రాజు అనేవారు. (నా పేరు రాజు కాదు. నాకు ముందున్న డ్రైవర్ పేరది; అతని బండితో పాటు నాకొచ్చింది. ఆ కోపం ఇంకా తగ్గలేదు.) ఇంటి పెద్దాయన అమెరికాలో చదివినవాడు, కూతుర్ని కూడా అమెరికా చదువు చెప్పే హైస్కూల్లోనే వేశాడు. పిల్లకు లెక్కలు బాగానే వచ్చేవి గానీ అమెరికా చరిత్ర మాత్రం తలకెక్కేది కాదు. ఫైనల్ పరీక్షలో అది తప్పితే స్కూలు మాన్పించి, ఎక్కడో ఉత్తరాన దూరంగా ఉన్న మదీనత్ అల్ షమాల్‌లో నాయనమ్మ దగ్గర వదిలేస్తానని తండ్రి తేల్చి చెప్పాడు. స్కూలు లేకపోతే బండి అక్కర్లేదు, బండి అక్కర్లేకపోతే నేనూ అక్కర్లేదు. కాబట్టి ఆ పరీక్ష ఆమెది ఎంతో నాదీ అంతే.

ఆ పిల్లకు చదివితే రాదు, వింటే వస్తుంది. స్నేహితురాలి నోట్సు ఒక్కరోజుకు అడిగి తెచ్చుకుని, ఇంట్లో తమ్ముళ్ళ గోల పడలేక, నా బండి వెనక సీట్లో కూర్చుని చిన్న టేప్ రికార్డర్లోకి మొత్తం పైకి చదివింది. తర్వాత రెండు వారాలు స్కూలుకు పోతూ వస్తూ అదే మోత. ఏడో తరగతితో బడి మానేసి, దుకాణాల బోర్డులు చూసి ఇంగ్లీషు కూడబలుక్కున్నవాణ్ణి నేను. నాకు ఆ క్యాసెట్టే కాలేజీ. అర్థం కానిది ఆమెనే అడిగేవాణ్ణి. పన్ను మీద కోపంతో ఓడలకు ఓడలు టీ ఆకు సముద్రంలో పారబోశారని తెలిసిన రోజు (రెండో టీ కావాలంటే వంటావిడ మొహం చూడాల్సినవాణ్ణి) నాకు అన్నం సయించలేదు.

పరీక్ష శనివారం. మా ఊరి మేస్త్రి దానికి ముందు బుధవారమే సెలవు మీద పోతున్నాడని తెలిసి, ఆ పిల్లే తన ప్యాకెట్లోంచి ఒక ఖాళీ క్యాసెట్టూ, తన రికార్డరూ ఇచ్చింది. రెండు సాయంత్రాలు బండి సముద్రం ఒడ్డున ఆపుకుని మాట్లాడాను. బాగోగులు అయిపోయాక, ఎదురుగా ఎవరూ లేరన్న ధైర్యంతో, పెళ్ళైన ఎనిమిదేళ్ళలో మా ఆవిడ ముఖం చూసి చెప్పలేని మాటలు కూడా చెప్పాను. బుధవారం డాష్‌బోర్డులోంచి క్యాసెట్టు తీసి మేస్త్రి చేతిలో పెట్టాను.

గురు, శుక్రవారాలు అక్కడ స్కూలు లేదు. గురువారం పుస్తకాల షాపుకని బండెక్కిన పిల్ల "యల్లా రాజూ, టేప్ లగావ్" అంది. లగాయించాను. "ఏమే, బాగుండావా" అంటూ నా గొంతే వచ్చింది. ఆమె పెన్ను పట్టుకుని బుద్ధిగా రెండు నిమిషాలు విని, "రాజూ, ఇది ఏ వార్?" అని అడిగింది.

రెండూ ఒకేలా ఉండటంతో చరిత్ర క్యాసెట్టు మేస్త్రి పెట్టెలో మా ఊరికి పోయిందని తెలిశాక ఏడ్చింది. నోట్సు తిరిగి ఇచ్చేసింది, పరీక్ష ముందు ఆ స్నేహితురాలు మళ్ళీ ఇవ్వదు. "ఖలాస్ రాజూ. నేను షమాల్, నువ్వు ఇండియా." బండి నడుపుతుంటే, అలవాటు కొద్దీ ఆమె క్యాసెట్టులోని మొదటి వాక్యం నా నోట్లోంచి వచ్చింది, ఆమె గొంతు వరసలోనే. రెండోదీ వచ్చింది. షాపు వైపు మలుపు తిప్పేసరికి ఆగిపోయింది. నా చదువంతా స్కూలు దారికి అతుక్కుని ఉందని అప్పుడు తెలిసింది. బండి వెనక్కి తిప్పాను. మొదటి రౌండబౌట్ దగ్గర టీ ఆకు సముద్రంలో పడింది, పెట్రోలు బంకు దాటాక స్వాతంత్ర్యం వచ్చింది, మసీదు మలుపులో అన్నదమ్ముల యుద్ధం, స్కూలు గేటు ముందు బానిసల విడుదల. (అక్కడ నా గొంతు కాస్త గట్టిగా వచ్చేది. నా పాస్‌పోర్టు పెద్దాయన బీరువాలో ఉండేది.) "ఇక్కడ నువ్వు తుమ్మావు, ఇక్కడ అద్దం ఎక్కించమని నన్ను తిట్టావు" అని అవి కూడా చెప్పుకుంటూ పోయాను, అవి వదిలితే తర్వాతిది రాదు. ఆమె ఏడుపు మాని, నవ్వుతూ రాసుకుంది.

ఆ రెండు రోజులూ మూసి ఉన్న స్కూలుకు పదకొండు సార్లు పోయివచ్చాం. గేటు దగ్గరి వాచ్‌మన్ కరీంనగర్ వైపు మనిషి. ఆరోసారికి ఉండబట్టలేక లేచి వచ్చాడు.

"ఏందన్నా, ఇయ్యాల బడి బంద్ గదా. గిన్నిసార్లు ఎందుకొస్తున్నవ్?"

"పరీక్షకు చదువుతాండా."

"ఎవరు, నువ్వా?"

"నేను కాకుంటే ఇంగెవురు?"

పిల్ల పాసైంది, మంచి మార్కులే వచ్చాయి. తన తెలివే కూతురికి వచ్చిందని పెద్దాయన వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుని ఖర్జూరాలు పంచాడు. నాకూ రెండిచ్చాడు. తిన్నాను గానీ క్షమించలేదు.

నలభై రోజుల తర్వాత మా ఆవిడ క్యాసెట్టు వచ్చింది. "యాందబ్బా అది? వీధి వీధంతా వచ్చి కూచున్యాక ఎవురో ఆడపిల్ల ఇంగిలీసులో గడగడా చెప్తాండాది. మీ యమ్మ నువ్వాడ ఇంగో పెండ్లి చేసుకున్యావని ఏడ్చి, ఆపెయ్యమన్యాది. నేను ఆపలా. నడాన ఒగసారి నువ్వు దగ్గినావు. అది నీ దగ్గే, నాకు తెలీదా? దినామూ ఆ దగ్గు దాకా ఏసుకోని ఇంటాండా. మిరియాల కషాయం తాగు."

నేను చెప్పిన క్యాసెట్టు ఆ పిల్ల తిరిగి ఇచ్చేసింది గానీ, ఒకసారి బండిలో మోగిపోయిన ఆ మాటలు మళ్ళీ పంపడానికి సిగ్గేసింది. బాగోగులు మాత్రం కొత్తగా చెప్పి పంపాను. పాతది ఇప్పటికీ నా ట్రంకు పెట్టెలో ఉంది. వినిపిద్దామంటే ఇంట్లో ఇప్పుడు టేప్ రికార్డర్ లేదు, నోటితో చెబుదామంటే నాకు అమెరికా చరిత్ర వచ్చినంత బాగా ఆ మాటలు రావు. ఊరొచ్చేసి చాలా ఏళ్ళయింది. పొద్దున నేను దగ్గితే మా ఆవిడ "అబ్బా, చెవులు పోతాండాయి, బయటికి పోయి దగ్గు" అంటుంది. బయటికి పోయి, ఆమెకు వినపడేటంత దూరంలోనే నిలబడి దగ్గుతాను.