ఆయుధపూజ నాడు కృష్ణ పదార్థం

ఆ రోజుల్లో విశ్వం మీద నాకున్న పట్టు మా ఇంటి కుక్కరు మూత మీద ఉండేది కాదు. పుట్టిన మొదటి క్షణంలో విశ్వం ఎంత వేడిగా ఉండేదో అడిగితే టక్కున చెప్పేదాన్ని, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయో లేదో మాత్రం అమ్మే వచ్చి చూసుకోవాల్సి వచ్చేది. వయసు ఇరవై నాలుగు. తిరుపతిలో భౌతికశాస్త్రంలో పరిశోధన. హాస్టల్ గదిలో ఒక మంచం, ఒక లాప్‌టాప్, ఒక నీలం అట్ట నోట్సు, ఈ మూడింటికంటే ఎక్కువ చోటు ఆక్రమించే గర్వం. మాది సిద్ధాంత విభాగం, అంటే పరికరాలేవీ ఉండవు, కాగితమూ కలమే. (ఒకసారి మా నాయన చూడ్డానికి వచ్చి, గదంతా కలియజూసి, "మిషన్లు ఏ పక్క ఉండాయి పాపా?" అని అడిగాడు. లేవంటే పాపం మంచం కింద కూడా వంగి చూశాడు. చిత్తూరులో బోరు మోటార్లకు రాగితీగ చుట్టి వైండింగ్ కట్టే షెడ్డు ఆయనది. సామాన్లు లేని పని ఆయన కంటికి పనిలా ఆనదు.)

నా పనేమిటో రెండు ముక్కల్లో చెబుతాను, భయపడకండి. గెలాక్సీలు తిరిగే వేగం చూస్తే, వాటిలో కంటికి కనబడే నక్షత్రాల బరువు ఆ వేగాన్ని పట్టి ఉంచడానికి చాలదు. ఇంకేదో ఉండాలి. అది వెలగదు, కనబడదు, బరువు మాత్రం ఉంది. దాన్నే కృష్ణ పదార్థం, ఇంగ్లీషులో డార్క్ మ్యాటర్ అంటారు, అదేమిటో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఇదై ఉండొచ్చని మా గైడు గారు ఒక కణాన్ని ఊహించారు. విశ్వం పుట్టి చల్లారే వేళ ఆ కణాలు ఒకదాన్నొకటి ఢీకొని నశించిపోగా, చివరికి ఎంత మిగిలి ఉంటుందో లెక్కగట్టడం నా వంతు. నాలుగు నెలలు కట్టాను. వచ్చిన జవాబు, ఆకాశంలో ఉండాల్సిన మొత్తంతో అచ్చు గుద్దినట్టు సరిపోయింది. గైడు గారు నోట్సు మూడుసార్లు తిరగేసి, కళ్ళజోడు తుడుచుకుని, "పర్వాలేదే" అన్నారు. ఆయన నోట ఆ మాట విన్నవాళ్ళు మా విభాగంలో నాకు ముందు ఎవరూ లేరు. ఏదో దేశంవాళ్ళు పెట్టిన సదస్సులో ఆయన తిరుపతిలో తన ఇంట్లోనే కూర్చుని, కంప్యూటర్లో ఆ ఫలితం చెప్పాలి. నా పేరే ముందు. ఆ మాట నేను ఇంటికి ఫోన్ చేసి చెప్పాను, నాయన షెడ్డుకు మోటారు తెచ్చిన ప్రతి రైతుకూ చెప్పాడు.

ఆ సదస్సు సాయంత్రం ఆరింటికి. ఆ రోజే ఆయుధపూజ. ఆ దేశంవాళ్ళకు ఆయుధపూజ ఏం తెలుసు? మా గైడు గారికి ఇలాంటి పట్టింపులు లేవు. మా ఇంట్లో మాత్రం మా అవ్వ ఉంది. అవ్వ అంటే నాయన తల్లి, ఆమె మాటకు మా ఇంట్లో అప్పీలు లేదు. ఏడాదంతా మనకోసం అరిగిన సామాన్లకు ఆ ఒక్కరోజూ పని చెప్పకూడదు, పూజ కొలువులో పెట్టిన పుస్తకం మర్నాడు పొద్దున్నే మళ్ళీ దీపం పెట్టేదాకా కదపకూడదు, చదవకూడదు, రాయకూడదు. ముందురోజు రాత్రే నేను బస్సు దిగాను. పొద్దున ఎనిమిదింటికి అవ్వ అందరి ఆయుధాలూ అడిగి తీసుకుంటూ నా దగ్గరికి వచ్చింది. "నీదేందే? యాడ పెట్టినావు?" నా గర్వం చూడండి, రెండు చేతులతో నీలం అట్ట నోట్సు అందించి, "ఇది అన్నిటికంటే కింద పెట్టవ్వా, దీని మీదే అన్నీ నిలబడతాయి" అన్నాను. అవ్వ నా మాట తుచ తప్పకుండా పాటించింది. నోట్సు మీద లాప్‌టాప్, దాని మీద నాయన కటింగ్ ప్లయర్లు, స్పానర్లు, అమ్మ కత్తెర, కూరలు తరిగే కత్తిపీట, అన్నిటికీ పైన సరస్వతి పటం, ముందు దీపం, బొరుగులు, గుగ్గిళ్ళు. లాప్‌టాప్‌కు మూడు వేళ్ళతో విభూది కూడా పెట్టింది. ఫోను మాత్రం తీసుకోలేదు. "అది ఆయుధం గాదు, పిల్లోళ్ళని చెడగొట్టేది" అంది.

ఆ చెడగొట్టేదే తొమ్మిదింటికి మోగింది. గైడు గారు. "అమ్మా, ఆ మధ్యలో మెట్లు ఎవరైనా అడుగుతారు. మిగులు లెక్క నాలుగు పేజీలూ ఫొటో తీసి మధ్యాహ్నంలోగా పంపు." సరే సార్ అని గబగబా కొలువు దగ్గరికి వెళ్ళి నోట్సు అంచు పట్టుకుని లాగాను. స్పానర్లు గలగలమన్నాయి, అవ్వ ప్రత్యక్షమైంది.

"ఏం చేస్తాండావే?"

"ఒక్క నిమిషం అవ్వా. నాలుగు ఫొటోలు. మళ్ళీ అట్లే పెట్టేస్తాను."

"అమ్మవారిని కదిపేదా? ఒక్క పొద్దు ముట్టకుంటే ఏం పోతుంది?"

"డార్క్ మ్యాటర్ పోతుంది."

"యాడికి పోతుంది? పుట్టినకాడినుంచి పోనిది రేపు పొద్దన దాకా ఉండదా?"

నాయన వైపు చూశాను. ఆయన పంచె సర్దుకుంటూ దిష్టి గుమ్మడికాయ ఎంత బరువుందో చూడసాగాడు. ఇక మిగిలింది ఒకటే దారి, ఆ నాలుగు పేజీలూ మొదటినుంచి మళ్ళీ చేయడం. చేయాలంటే రాయాలి, రాయకూడదు. అప్పుడు తట్టింది. "అవ్వా, ముగ్గు వెయ్యొచ్చా?"

అవ్వ ముఖం చూడాల్సింది. పుట్టి బుద్ధెరిగాక నేను ముగ్గు చిప్ప ముట్టింది లేదు. "ముగ్గేసేదానికి అడ్డం చెప్పేదెవురు? పండగ నాడు ఏసేదే గదా" అని చిప్ప నిండా బియ్యప్పిండి పోసి చేతికిచ్చింది. మిద్దె ఎక్కాను. నీళ్ళు చల్లి, తూర్పు మూల నుంచి మొదలుపెట్టి, విశ్వం చల్లారడం దగ్గర్నుంచి సమీకరణాలు పెట్టుకుంటూ వెళ్ళాను. నోట్సులో అంగుళం పట్టేది ముగ్గులో మూర పడుతుంది. పక్క మిద్దె మీద బట్టలారేస్తున్న పిన్ని (మాకు చుట్టం కాదు, గోడ చుట్టరికం) కాసేపు చూసి ఉండబట్టలేక అడిగింది.

"ఏం ముగ్గు పాపా అది?"

"విశ్వం పుట్టినప్పటి ముగ్గు పిన్నీ."

"సుక్కలు యాడా కనపడవే?"

"అప్పటికింకా పుట్టలేదు."

పిన్ని మెల్లగా మిద్దె దిగి వెళ్ళింది. మధ్యాహ్నానికి మా అమ్మ చెవిలో, పిల్ల ముగ్గులు నేర్చుకుంటోంది, సంబంధాలు చూడండి అని వేసింది.

పదకొండు దాటేసరికి అసలు చిక్కు మొదలైంది. చీమలు. బియ్యప్పిండితో లెక్క చేసిన శాస్త్రవేత్తలు లోకంలో ఎందరున్నారో గానీ, వాళ్ళందరి తరఫునా చెబుతున్నాను, చీమలకు సున్నా అన్నా అనంతం అన్నా ఒకటే. నేను నాలుగో వరుసలో ఉండగా అవి రెండో వరుస మోసుకుపోతున్నాయి. ఒక్కో వరుస పెట్టగానే ఫోనులో ఫొటో తీసుకుంటూ పరుగెత్తాను. ఏడో వరుస ఫొటో తీసేలోపే సగం పోయింది. తిట్టుకుంటూ దాన్ని మళ్ళీ మొదటినుంచి కట్టాను. కడితే, అందులో రెండు వచ్చింది. ఒకే ఒక్క రెండు, గుణకంగా. నోట్సులో అక్కడ రెండు లేదని నాకు కంఠతా తెలుసు. ఎండకు తల తిరిగిందనుకుని ఇంకోసారి చేశాను. రెండు. అవ్వను కేకేసి ఇంకో సోలెడు పిండి తెప్పించుకుని మూడోసారి చేశాను. రెండు అక్కడే కూర్చుని ఉంది. ఆ కణానికి ఒక ప్రతికణం ఉంటుంది. మిగిలినవాటిలో దాన్నీ కలపాలి. నాలుగు నెలలూ నేను జంటలో ఒకదాన్నే లెక్కపెట్టాను. కలిపితే, ఉండాల్సిన దానికి రెండింతలు మిగులుతుంది. అచ్చు గుద్దినట్టు సరిపోయిందన్న మాట అబద్ధం.

నీళ్ళ తొట్టి నీడలో చతికిలబడ్డాను. పాత ఫలితమే పంపితే ఎవరికి తెలుస్తుంది? గైడు గారే మూడుసార్లు చూసి పట్టుకోలేదు. తప్పు తెలిసింది నాకూ, చీమలకూ. నిజం చెప్పొద్దూ, అర్ధగంట ఆ ఆశతోనే కూర్చున్నాను. నా పేరు ముందుండే పత్రం, షెడ్డు దగ్గర రైతులు, హాస్టల్లో నేను పోయిన పోకడలు, అన్నీ కళ్ళముందు తిరిగాయి. తర్వాత ఫోను చేశాను.

"సార్, రెండుతో గుణించలేదు."

గైడు గారు కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడు వినబడింది. "నోట్సులో చూశావా?"

"లేద్సార్. ముగ్గులో."

నేనంతా చెప్పాను, చీమల సంగతితో సహా. ఆయన ఏదో కాగితం మీద చేసి చూసుకుంటున్నట్టు వినబడింది. "అవునమ్మా. ఉంది" అన్నారు. "సాయంత్రం వేరే పాత సంగతేదో చెబుతాను. నాకూ కనబడలేదు చూడు." ఫోను పెట్టేయబోతూ, "భోంచేశావా?" అని అడిగారు. అంతవరకూ బిగబట్టుకున్న ఏడుపు ఆ ప్రశ్నకు బయటపడింది.

నా ఏడుపు విని అవ్వ మెట్లెక్కి వచ్చింది. చెదిరిపోయిన పిండిని చూసి, "మొదటిసారి గదా, వంకరపోతుంది. దానికి ఏడస్తారా యెవురన్నా" అని దోసిట్లో బొరుగులు పోసింది. సాయంత్రం నాయనకు చెప్పడమే నాకు కష్టమైంది. రైతులకు ఏం చెబుతాడో అని తల దించుకుని చెప్పాను. ఆయన గుమ్మడికాయ పగలగొట్టి చేతులు కడుక్కుంటూ విన్నాడు. "మోటారుకు వైండింగు కట్టినాక తిరక్కపోతే ఇప్పి మళ్ళా కట్టేది లేదా? నాకైతే బోరులో దించినాక గానీ తెలీదు. నువ్వు షెడ్డులోనే కనుక్కున్నావు" అన్నాడు. ఆయన నా పనిని పనిగా ఒప్పుకున్నది ఆ రోజే.

ఆ కణాన్ని వదిలి ఇంకోటి పట్టుకుని, ఎలాగో డాక్టరేటు తెచ్చుకుని, తిరుపతిలోనే పాఠాలు చెబుతున్నాను. ఇప్పుడు నా లెక్కలు తప్పడం లేదు. ఒక్కో మెట్టూ పదిసార్లు చూస్తాను, తెలిసిన దారిలోనే వెళతాను, క్షేమంగా తిరిగొస్తాను. అప్పుడప్పుడు ఆ మిద్దె మీది పిల్ల గుర్తొస్తుంది, మోచేతుల దాకా పిండితో, విశ్వంలోని లోటంతా తానే పూడ్చేశానని నాలుగు నెలలు నమ్మిన పిల్ల. నవ్వొస్తుంది. ఆ తర్వాత, అంత పెద్ద తప్పు చేయడానికి తగినంత పెద్ద లెక్క నేను మొదలుపెట్టి ఎన్నేళ్ళయిందో గుర్తు చేసుకోబోయి, ఊరుకుంటాను.