మేడమీది హాలు

బస్టాండు మలుపులో ఉన్న ఆ మందుల షాపులో కూర్చుంటే ఎదురుగా హైస్కూలు గేటు కనబడుతుంది. షాపు నడిపే ఆవిడ కుర్చీ ఏళ్ళ తరబడి ఆ గేటు వైపే తిరిగి ఉండేది. ఊళ్ళో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ మందులక్క. దగ్గుమందుకి వచ్చినవాళ్ళని కూడా "నువ్వు ఏ బ్యాచి?" అని అడగందే పంపేది కాదు. ఆ స్కూల్లో చదివిన మనిషైతే చాలు, పూర్వ విద్యార్థుల సంఘం పని ఏదో ఒకటి నెత్తిన పడ్డట్టే. పెయింటరైతే ఆదివారం వచ్చి బెంచీలకి రంగు వెయ్యాలి. నర్సైతే ఆడపిల్లలతో ఒక గంట కూర్చుని మాట్లాడాలి. ఎవరికైనా ఉద్యోగం పోయిందని తెలిస్తే, వాళ్ళ బ్యాచి వాళ్ళందరికీ చెవులు చిల్లులు పడేలా ఫోన్లు చేసేది. "అక్క షాపుకి జ్వరంతో వెళ్ళినా పని తగిలించుకోకుండా రాలేం" అని వెనకాల నవ్వుకునేవారు. మళ్ళీ జ్వరమొస్తే అక్కడికే వెళ్ళేవారు.

సంఘానికి ఆవిడ కార్యదర్శి. అధ్యక్షుడు లారీ అన్న. సొంత లారీలు తిప్పుకునే మనిషి. గొంతు పెద్దది, మనసు పెద్దది, కోపమూ పెద్దదే. స్కూల్లో ఆవిడకంటే పై తరగతి. ఆవిడని నోరారా చెల్లెమ్మా అని పిలిచేవాడు. అందుచేత ఆవిడ భర్త ఆయనకి బావగారయ్యాడు, ఆయన్ని చూసి సంఘం మొత్తానికీ బావగారయ్యాడు. ఈ బావగారు మునిసిపాలిటీలో ఇంజనీరు. చదువు వేరే చోట. నలుగురిలో ఉంటే పెదవి విప్పడు. సంఘం ఫంక్షన్లకి వచ్చి ఓ మూల కూర్చుంటే, "ఏం బావగారూ, మా బడికి ఇల్లరికం వచ్చి మాట్లాడకపోతే ఎలా?" అని ఏడిపించేవారు. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఆ యేడు స్కూలుకి యాభై ఏళ్ళు నిండుతున్నాయి. వేడుక మేడమీది హాల్లో జరపాలని ఎప్పుడో అనుకున్నారు. ఆ హాలంటే పాత విద్యార్థులకి ప్రాణం. మొదటి బ్యాచిల పిల్లలూ, వాళ్ళ అమ్మానాన్నలూ ఇసుకా కంకరా మోసి కట్టుకున్నది. లారీ అన్న తండ్రి దానికి మేస్త్రీ. కూలి పుచ్చుకోకుండా పనిచేశాడని ఆ కుటుంబంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కింద తరగతి గదులు, పైన హాలు. ప్రతి బ్యాచీ చివరిరోజు ఆ కిటికీల దగ్గర నిలబడి ఏడ్చినవాళ్ళే.

వేడుక వారంలోకి వచ్చాక ఒకరోజు లారీ అన్న షాపులోకి సుడిగాలిలా వచ్చాడు.

"చెల్లెమ్మా, మీ ఆయన పొద్దున్నే వచ్చి పాత బ్లాకుకి సీలేసి పోయాడు. తెలుసా నీకు?"

ఆవిడ చేతిలో మాత్రల అట్ట అలాగే ఉండిపోయింది. తెలియదు. తెలియదని చెప్పడానికి సిగ్గేసింది.

"హాలుని మోసే కప్పు బాలేదట. ఇన్నాళ్ళూ బాగున్న కప్పు వేడుక ముందే పాడైపోయిందా? నీకు అర్థం కాలేదా? స్కూలు ఎత్తేసి పక్క స్కూల్లో కలిపేద్దామని పైవాళ్ళు ఎన్నాళ్ళనుంచి చూస్తున్నారు? ఈ స్థలంలో షాపులు కట్టుకోవాలని వాళ్ళ ఆశ. ముందు ఒక బ్లాకు మూస్తారు, తర్వాత స్కూలు మూస్తారు. దానికి మన బావగారి సంతకం!"

ఆ పుకారు ఊళ్ళో అందరికీ తెలిసిందే. దాన్ని ఆపాలని ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది ఆవిడే. సాయంత్రం షాపు మూసి ఇంటికి వెళ్ళేసరికి ఆవిడ ముఖం చూసి అత్తగారు టీవీ కట్టేసింది.

"నాకు ఒక్క మాట ముందు చెప్తే ఏం పోయింది?" అంది భర్తతో.

"నీకు ముందు చెప్తే అది ఆఫీసు పనవుతుందా, ఇంటి పనవుతుందా?" అన్నాడాయన. చొక్కా కూడా మార్చుకోలేదు, ఆవిడ కోసమే కూర్చున్నాడు.

"మీచేత ఎవరు చేయించారు?"

ఆయన లేచి లోపలికి వెళ్ళిపోయాడు. ఆవిడకి అదే జవాబులా వినిపించింది.

అక్కడినుంచి ఇంట్లో మాటల్లేవు. "అత్తయ్యా, మీ అబ్బాయిని అన్నానికి రమ్మనండి" అని ఈవిడ, "అమ్మా, నాకు ఆకలి లేదని చెప్పు" అని ఆయన. రెండు పూటలు చూసి అత్తగారు విసుక్కుంది. "నేనేమన్నా పోస్టాఫీసునా? ఒకే గదిలో ఉండి నాచేత ఉత్తరాలు మోయిస్తారేమిటి? నాకు మోకాళ్ళ నొప్పులు, చెవులు బాగానే ఉన్నాయి. మీ ఇద్దరిలో ఎవరిది తప్పో తేల్చుకునేదాకా నేను అన్నం తినను." ఆమె అన్నం తినకుండా ఉండలేదు గాని, ఆ మాట పనిచేసింది. మర్నాడు పొద్దున ఆయన చెప్పులు వేసుకుంటూ భార్యతోనే నేరుగా మాట్లాడాడు.

"ఒక్కసారి నాతో రా. చూసి వచ్చాక నన్ను తిట్టు."

వెళ్ళింది. తిట్టడానికి మాటలు కూడబెట్టుకుంటూనే వెళ్ళింది. హాలు కిందనున్న ఎనిమిదో తరగతి గదిలోకి తీసుకెళ్ళి ఆయన బల్లమీదికెక్కాడు. గదికి అడ్డంగా పైన పోయే పెద్ద దూలాన్ని చిన్న సుత్తితో మెల్లగా తడుతూ బల్లల మీదుగా వెళ్ళాడు. ఒక చివర ఖణేల్‌మని మోగింది. మధ్యకి వచ్చేసరికి ఆ మోత చచ్చిపోయింది, తడిసిన అట్టపెట్టెని కొట్టినట్టుంది. ఇంకోసారి తట్టేసరికి అరచేయంత పెచ్చు ఊడి ఆవిడ కాళ్ళ దగ్గర పడింది. లోపలి ఇనుప చువ్వ తుప్పు పట్టి, పొరలు పొరలుగా విచ్చుకుని ఉంది.

"కట్టినవాళ్ళ తప్పు కాదు. ఏళ్ళ తరబడి వాననీళ్ళు దిగాయి" అన్నాడు.

"ఎప్పుడు పడిపోతుంది?"

"చెప్పలేను. పదేళ్ళు ఇలాగే ఉండొచ్చు. రేపే పడొచ్చు. ఖాళీగా ఉంటే ఉంటుందేమో. జనం నిండితే నాకు భయం."

ఆవిడ ఆ పెచ్చు చేతిలోకి తీసుకుంది. ఆయన అబద్ధం చెప్పదలచుకుంటే రేపే పడిపోతుందని గట్టిగా చెప్పేవాడు. చెప్పలేనన్న మాటే ఆవిడని భయపెట్టింది.

"ఎవరూ చేయించలేదా?" అని మళ్ళీ అడిగింది.

"చెయ్యమన్నారు. మొత్తం స్కూలు పనికిరాదని రాయమన్నారు. నేను ఈ బ్లాకు ఒక్కటే రాశాను, మిగతా గదులన్నీ భేషుగ్గా ఉన్నాయని కూడా రాశాను. అందుకు వాళ్ళకీ నామీద కోపమే." బల్ల దిగి చేతులు దులుపుకున్నాడు. "అటు వాళ్ళు, ఇటు మీరు. ఇంట్లో అమ్మ ఒక్కతే మాట్లాడుతోంది."

ఆ మధ్యాహ్నమే ఆవిడ లారీ అన్న ఇంటికి వెళ్ళి చూసిందంతా చెప్పింది. ఆయన అంతా విన్నాడు. తర్వాత, "ఆ దూలం మా నాన్న పోశాడు" అన్నాడు. అంతే అన్నాడు. చివరికి, "సరేలే, గ్రౌండులో పెట్టుకుందాం" అని తలూపాడు. ఆవిడ గుండెలమీది బరువు దిగినట్టై ఇంటికి వచ్చేసింది.

వేడుక రోజు ఆవిడ మందుల పెట్టె సర్దుకుని స్కూలుకి చేరేసరికి గ్రౌండు ఖాళీగా ఉంది. షామియానా లేదు, కుర్చీలు లేవు. తలెత్తి చూస్తే మేడమీది కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. జనం. మెట్ల తలుపుకి వేసిన సీలు తెగి నేలమీద పడి ఉంది. ప్రధానోపాధ్యాయురాలు వరండాలో చేతులు నలుపుకుంటూ, "నా మాట ఎవరు వింటారండీ, మీ అధ్యక్షుడే తెంపేశారు" అంది. గేటు దగ్గర మందులక్క భర్త ఫోనులో ఎవరినో బతిమాలుతున్నాడు. అవతలివాళ్ళు వినడం లేదని ఆయన ముఖంలోనే తెలుస్తోంది.

"పోలీసులు వస్తామన్నారు, ఎప్పుడొస్తారో" అన్నాడు.

"వాళ్ళొచ్చి తరిమితే అందరూ ఒక్కసారి మెట్లమీద పడతారు. మీరు ఇక్కడే ఉండండి" అని ఆవిడ పైకి ఎక్కింది.

హాలు కిటకిటలాడుతోంది. ముసలివాళ్ళు, సంకలో పిల్లలతో ఆడవాళ్ళు, పాట పాడటానికి వరసగా నిలబెట్టిన బడిపిల్లలు. వేదిక మీద లారీ అన్న మైకు పట్టుకుని ఊగిపోతున్నాడు.

"ఈ హాలు కూలిపోతుందట! మన అమ్మానాన్నలు కట్టిన హాలు! కిందనే ఉన్నారు ఇంజనీరు గారు." ఇన్నాళ్ళ బావగారు ఆ నోట ఇంజనీరు గారైపోయారు. "మన హాలెంత గట్టిదో ఆయనకి వినపడాలి. అందరూ కాళ్ళతో ఒక్కసారి, గట్టిగా!"

జనం కాళ్ళు దబదబలాడించారు. మొదట నవ్వుతూ, తర్వాత ఊపు మీద. నేల వణకడం ఆవిడ అరికాళ్ళకి తెలిసింది. గోడవారగా పెట్టిన నీళ్ళ సీసాలు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. ఆవిడ కంటిముందు ఆ పొరలు పొరలుగా విచ్చుకున్న చువ్వ మెదిలింది. పడిపోతుందని అరవాలనిపించింది. అరిస్తే ఏమవుతుందో కూడా తెలుసు. ఒకే ఒక్క మెట్లదారి, అదీ ఇరుకు.

జనాన్ని తప్పించుకుంటూ వేదిక ఎక్కింది. కార్యదర్శి కదా, లారీ అన్న నవ్వుతూ మైకు ఇచ్చాడు. చెల్లెమ్మ తనవైపు వచ్చేసిందనుకున్నాడు.

"అందరికీ నమస్కారం" అంది. నవ్వు తెచ్చుకుంది. "కాళ్ళు నొప్పులు పుడితే నా షాపుకే రావాలి, గుర్తుంచుకోండి." జనం నవ్వారు, కాళ్ళు ఆగాయి. "ఎండ మంచిగా ఉన్నప్పుడే గ్రూపు ఫొటో తీసేద్దాం. గ్రౌండులో. ఎప్పుడూ పెద్ద బ్యాచిలే ముందు వెళ్తాయి, ఈసారి పిల్లల్ని ముందు పంపుదాం. పాట పిల్లలూ, టీచరమ్మ చెయ్యి పట్టుకుని మెల్లగా దిగండి. తర్వాత తలుపు దగ్గరివాళ్ళు. మిగతావాళ్ళు కూర్చోండి, నేను పిలిచినప్పుడే లేవాలి. తోసుకుంటే ఫొటోలో చివర నిలబెడతాను."

ఆవిడ మాట వినడం వాళ్ళకి అలవాటే. ఒక్కో వరస లేచింది. సంకలో పిల్లలున్నవాళ్ళు, తర్వాత ముసలివాళ్ళు. ఒక తాత కర్ర మర్చిపోయానని వెనక్కి తిరిగాడు. "నేను తెస్తాలే తాతయ్యా, మీరు పదండి" అంది. లారీ అన్న పక్కనే నిలబడి ఆవిడ ముఖంలోకి చూస్తున్నాడు. సగం హాలు ఖాళీ అయ్యాక ఆయనకి అర్థమైంది.

"మోసం చేస్తున్నావా చెల్లెమ్మా?" అన్నాడు, మైకుకి వినపడకుండా.

"అవును అన్నయ్యా. నువ్వు నాకు చేశావుగా" అంది, కళ్ళు జనం మీదినుంచి తిప్పకుండా. ఆయన అరిచి చెప్పేయొచ్చు. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఆవిడకి ఇప్పటికీ తెలియదు.

అందరూ దిగాక ఆవిడ కర్ర పట్టుకుని చివరగా దిగింది. మెట్ల తలుపు ముందు నిలబడి, చున్నీతో ముఖం తుడుచుకుని, అప్పుడు నిజం చెప్పింది. దూలం చూశానని, సీలు న్యాయమైనదేనని, ఇంక ఎవరూ పైకి ఎక్కడానికి వీల్లేదని.

గ్రౌండు భగ్గుమంది. "మొగుడి కోసం బడిని అమ్మేసింది" అని ఎవరో గట్టిగానే అన్నారు. ఆవిడ షాపులో అరువు మందులు తిన్న మనిషే అది. తన చేత్తో ఉద్యోగం ఇప్పించిన అమ్మాయి ముఖం తిప్పుకుంది. లారీ అన్న ఎవరితోనూ మాట్లాడకుండా ఆవిడ భుజం పక్కనుంచి లోపలికి దూసుకుపోయాడు.

"అన్నయ్యా, వద్దు!"

ఇంజనీరు గేటు దగ్గరినుంచి పరిగెత్తుకొచ్చాడు. ఈలోగా పైన అడుగుల చప్పుడు మొదలైంది. ఖాళీ హాల్లో ఒక్క మనిషి కాళ్ళు. ఎగిరి దూకుతున్నాడు. ధన్. మళ్ళీ ధన్. కిందనున్న జనమంతా మెడలెత్తి, ఊపిరి బిగబట్టి వింటున్నారు. సున్నం పొడి రాలింది. మందులక్క భర్త చెయ్యి గోళ్ళు దిగేలా పట్టుకుంది. కూలిపోవాలని కోరుకునేవాళ్ళు లేరక్కడ, కాని ఏదో ఒకటి తేలిపోతే బాగుండునని అందరి ముఖాల్లోనూ ఉంది.

చప్పుడు ఆగింది. లారీ అన్న దిగి వచ్చాడు. చొక్కా తడిసిపోయింది, కళ్ళు ఎర్రబడ్డాయి.

"చూశావా? ఏమీ కాలేదు" అన్నాడు.

"నువ్వు దిగావు, అది చాలు" అంది ఆవిడ.

ఫొటో ఎవరూ తీయలేదు. వచ్చినవాళ్ళు గుంపులు గుంపులుగా వెళ్ళిపోయారు. ఆ వారమే సంఘం కూర్చుని ఆవిడని కార్యదర్శి పదవినుంచి తీసేసింది. ఆవిడ ఆ సమావేశానికి వెళ్ళి, తన మీద వాళ్ళన్నదంతా విని, సంఘం బీరువా తాళాలు బల్లమీద పెట్టి వచ్చింది. ఇంటికి వచ్చి మాత్రం తలుపేసుకుని ఏడ్చింది. అత్తగారు తలుపు తట్టకుండా బయటే కూర్చుంది.

పైవాళ్ళు ఇదే సందని స్కూలు కలిపేసే కాగితాలు కదిపారు. ఇంజనీరు తన రిపోర్టు మార్చనన్నాడు. మిగతా గదులు బాగున్నాయన్న ఆ రాత చేతపట్టుకుని, ఆవిడ పదవి లేకపోయినా ఆఫీసుల చుట్టూ తిరిగింది. చిత్రమేమిటంటే, ఒక రోజు అదే ఆఫీసు వరండాలో లారీ అన్న కూడా అదే రిపోర్టు నకలు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఇద్దరూ ఒకే బెంచీమీద చెరో చివర కూర్చున్నారు. పిలిచినప్పుడు ఇద్దరూ ఒకేసారి లేచి లోపలికి వెళ్ళారు. స్కూలు నిలబడింది. ఇంజనీరుని మాత్రం నీళ్ళ సరఫరా విభాగానికి మార్చారు.

పాత బ్లాకు పడగొట్టడానికి కాంట్రాక్టరు అనుకున్నదానికంటే చాలా ఎక్కువ రోజులు పట్టింది. గోడలు ఒక పట్టాన లొంగలేదు. "ఇదా కూలిపోయేది?" అని చూడవచ్చినవాళ్ళు మందులక్క షాపు ముందు నిలబడి మరీ అన్నారు. హాలు కింది దూలం దించిన రోజు మాత్రం, అది మధ్యలో రస్కులా విరిగి పొడైపోయిందని కూలీలు చెప్పారు. ఎవరికి కావలసినది వాళ్ళు నమ్మారు.

మందులక్క ఇప్పుడు సంఘంలో మామూలు సభ్యురాలు. ఆదివారాలు పాత బ్లాకు చోట వేసిన రేకుల షెడ్డులో పిల్లలకి గాయాలకి కట్టు కట్టడం నేర్పుతుంది. కొత్త కార్యదర్శి ఆవిడకి కూతురయ్యే వయసున్న బస్సు కండక్టరు. "ఆంటీ, మీరు ఆలస్యంగా వచ్చారు" అని ఆవిడనే కోప్పడుతుంది. "సరేనమ్మా, రేపటినుంచి నీ బస్సులోనే వస్తాను, అది ఎప్పుడూ టైముకే కదా" అని ఈవిడ చురక అంటిస్తుంది. పిల్లలు నవ్వుతారు. ఆవిడ కట్టు గుడ్డ విప్పి, ముందు వరసలో పిల్లాడి మోచెయ్యి పట్టుకుని, పని మొదలుపెడుతుంది.