నూట ఎనిమిది ప్రదక్షిణల తర్వాత

మా అమ్మాయి సుమకి ముప్పై ఏళ్లు. ఇంటెలెక్చువల్ డిసెబిలిటీ ఉంది. మాటలు తక్కువ, నవ్వు ఎక్కువ. రెండేళ్ల క్రితం ఆకులు రాలే రోజుల్లో ఒకసారి మేడ మెట్లు సగం ఎక్కి అక్కడే కూర్చుండిపోయింది. ఆయాసం. ఏడెనిమిది మెట్లకే అలా అయిపోయేసరికి నాకు భయం వేసింది.

బ్లడ్ టెస్టులు చేశారు. "ప్రీడయాబెటిస్, అంటే షుగర్ వచ్చే ముందు దశ. బరువు కూడా ఎక్కువే. వాకింగ్ మొదలుపెట్టండి. రోజుకి పది నిమిషాలు చాలు, మెల్లగా పెంచండి" అంది డాక్టర్. ఆ చివరి మాట నా చెవికి ఎక్కలేదు.

మేముండే నోవై ఊళ్లో చలికాలం వస్తే సైడ్‌వాక్ నిండా ఐస్. ట్రెడ్‌మిల్ ఎక్కమంటే సుమ కెవ్వుమంటుంది. అప్పుడు గుడి గుర్తొచ్చింది. లోపల వెచ్చగా ఉంటుంది. గర్భగుడి చుట్టూ తిరిగితే పుణ్యానికి పుణ్యం, వాకింగ్‌కి వాకింగ్. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పదకొండు ప్రదక్షిణలతో మొదలుపెట్టాం. వారం తిరిగేసరికి ఇరవై ఒకటి. నెలలో నూట ఎనిమిది. కార్ల కంపెనీలో టార్గెట్ల మధ్య ముసలివాడినైనవాణ్ణి, అంకె పెరుగుతుంటే ఆగబుద్ధి కాలేదు. గుడికొచ్చే ఆడవాళ్లు "బంగారుతల్లి, ఎంత భక్తో!" అనేవారు. సుమ పొంగిపోయేది. మూడు నెలల తర్వాత, షుగర్ సగటు చెప్పే ఏవన్‌సీ టెస్టులో అంకె తగ్గింది. నేనూ పొంగిపోయాను.

తర్వాత సుమ నడక నెమ్మదించింది. కుడికాలు ఈడుస్తోంది. బద్ధకం అనుకున్నాను. "ఇంకా ఇరవయ్యే, నడు తల్లీ" అన్నాను. నడిచింది. బయటికొచ్చి సాక్సు తొడగబోతే పాదం వాచిపోయి ఉంది.

డాక్టర్ ఎక్స్‌రే చూసి "స్ట్రెస్ ఫ్రాక్చర్, ఎముక సన్నగా చీలింది. ఇన్నాళ్లూ గట్టి నేల మీద షూస్ లేకుండా నడిచిందా? నొప్పి అని చెప్పలేదా?" అని అడిగింది.

నేను సుమ వైపు తిరిగాను. "ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే నాన్న మ్యాడ్ అవుతావ్."

నా కోపానికి భయపడిందన్నమాట. సిగ్గుతో చచ్చిపోయాను. చిన్నప్పటి నుంచి చెప్పిన మాట వింటే మంచి పిల్ల అన్నాం. వద్దనడం మాత్రం నేనూ మా ఆవిడా ఏనాడూ నేర్పలేదు.

ఎముక కదలకుండా ఆరు వారాలు కాలికి కట్టులాంటి బూట్ వేశారు. తగ్గిన బరువు మళ్లీ వచ్చింది, షుగరూ పెరిగింది. బూట్ తీశాక నడవమంటే సుమ సోఫా పట్టుకుని ఏడ్చింది. ఫిజికల్ థెరపిస్ట్ "దూరం సంగతి తర్వాత. ఆమె స్టాప్ అన్నప్పుడల్లా మీరు ఆగండి. ప్రస్తుతానికి అదే ఎక్సర్‌సైజ్" అన్నాడు. హాల్లో మొదలుపెట్టాం. మూడడుగులకే "స్టాప్." ఆగాను. ఇంకో రెండడుగులు, మళ్లీ "స్టాప్." ఇలా వారాలు గడిచాయి. ఓపిక నశించి, బాత్రూంలోకి పోయి కుళాయి తిప్పుకుని నించున్న రోజులున్నాయి.

ఇప్పుడు పొద్దున్నే మాల్‌లో, మంచి షూస్‌తో, పావుగంట నడుస్తున్నాం. ఏవన్‌సీ ఇంకా ప్రీడయాబెటిస్‌లోనే ఉంది. అలసిపోయాను, అబద్ధమెందుకు. మీ ఇంట్లోనూ ఇలాంటి బిడ్డ ఉంటే ఒక్కటే చెబుతాను: నొప్పి ఉందా అని అడిగి ఊరుకోకండి, రోజూ సాక్సు విప్పి పాదాలు చూడండి.

మొన్న మాల్‌లో నడుస్తూ సుమ "స్టాప్ నాన్నా" అంది. ఏమైందోనని వంగి తన షూ విప్పబోయాను. తల అడ్డంగా ఊపి నా మోకాలు చూపించింది.

"నొప్పా?"

"లేదమ్మా, పద."

"చెప్పు నాన్నా. నేను మ్యాడ్ అవ్వను."

అక్కడే బెంచీ మీద కూర్చుని, ఉందని చెప్పాను.