ఇంజనుకి కాపున్న అత్త

గజపతినగరం నుంచి వచ్చిన మనిషి బస్సు దిగుతూనే, "మీ అత్త పోయింది బావూ. తెల్లారి లెగనేదు" అన్నాడు. మా నాన్న చెల్లెలు ఆమె. అక్కడ కూతురి దగ్గరికి వెళ్లక ముందు విజయనగరంలో, పార్కు గేటు పక్కన ఉడకబెట్టిన శనక్కాయలు అమ్మేది. మీలో ఆమె చేతి శనక్కాయలు తిన్నవాళ్లుంటారు, ఆమె నోటికి జడిసి దూరంగా నడిచినవాళ్లూ ఉంటారు. చదువుకునే రోజుల్లో నాకు అన్నం పెట్టింది ఆమే.

అత్త ఎవర్నీ నమ్మేది కాదు. పాలావిడ ఎదుటే చెంబులో వేలు ముంచి చూసేది. నా మొదటి జీతంతో చీర కొనిస్తే, "పొందూరు నూలేనా? కొట్టోడు నిన్ను మోసం సెయ్యనేదు కదా?" అని వెలుతురుకి అడ్డం పట్టి చూసింది. చిరిగేదాకా అదే కట్టింది.

రైల్వేవాళ్లు చిన్న లైను మీద నడిచి నడిచి ముసలిదైపోయిన ఇంజన్ని తెచ్చి, పార్కులో పట్టాల ముక్క మీద నిలబెట్టినప్పుడు ఊరంతా ముచ్చటపడింది. అత్త మాత్రం, "ఊరికే ఇచ్చీడానికి ఆలికేటి పని? సూడు, రేపు దీన్ని సూపించి టిక్కట్టెడతారు" అంది. టిక్కెట్టు పెట్టలేదు. ఆమె అనుమానమూ పోలేదు. పిల్లలు చక్రాల సందుల్లో దూరితే, "ఒరే గుంటల్లారా, అది నిద్దరోతన్నాది గాని సచ్చిపోనేదు. బయటికి రండ్రా!" అని కేకలేసేది.

ఒక మధ్యాహ్నం ఇద్దరు మనుషులు ఎడ్లబండితో వచ్చి ఇంజను ఇత్తడి ఈల, గొట్టాలు విప్పి బండికెత్తారు. మెరుగు పెట్టి తెమ్మన్నారని చెబితే, పార్కు కాపలావాడే గేటు తీశాడు. అత్త బుట్ట వదిలేసి బండికి అడ్డం నిలబడింది.

"ఎవులు పంపినారు?"

"పెద్దాఫీసరు."

"పేరు సెప్పు."

వాళ్లు మొహాలు చూసుకున్నారు. కాపలావాడికి తల కొట్టేసినట్టయింది. "నా పార్కులో నీ పెత్తనమేటి? తప్పుకో!" అని ఆమెను రెక్క పట్టి పక్కకి లాగాడు. బండి వెళ్లిపోయింది.

వాళ్లని ఎవరూ పంపలేదని మర్నాడు తెలిసింది. కొండల వైపు తిరుగుబాటు గొడవలు ముదురుతున్న రోజులు. పోలీసులకి ప్రతి మొహమూ అనుమానమే. కాపలావాడు భయపడి, "ఆ ముసల్దే బండోళ్లతో మాటాడింది" అనేశాడు. అత్తని స్టేషనుకి పిలిచారు. నేను తోడు వెళ్లాను. "వాళ్లు నీకు ముందే తెలుసా?" అని తిప్పి తిప్పి అదే అడిగారు. ఊరందర్నీ నిలదీసిన మనిషికి అక్కడ మాట తడబడింది. బయటికొచ్చాక, "ఒరే, నువ్వూ నన్ను అలగే సూస్తన్నావా?" అంది.

"లేదత్తా."

నమ్మినట్టు లేదు. కొన్నాళ్లు ఆమె బుట్ట దగ్గర ఎవరూ ఆగలేదు.

చివరికి ఆ ఇద్దరూ రాజాంలో ఇత్తడి అమ్మబోతూ దొరికిపోయారు. అత్తకీ కాపలావాడికీ ఇందులో ఏ సంబంధమూ లేదని వాళ్లే చెప్పారు. ఊరు అత్తని మెచ్చుకుంది, కాపలావాడి మీద పడింది. "ఆడు వాటా తినే ఉంటాడు" అని ఎవరో అత్త ముందే అన్నారు.

"నువ్వు సూసినావేటి? సూడనప్పుడు నోరు ముయ్యి" అంది అత్త. తరవాత నాతో, "ఒకల్ని అనుమానించడం నాకలవాటే. అనిపించుకుంటే ఎలగుంటాదో ఉప్పుడు తెలిసింది" అంది. కాపలావాడితో మాత్రం మాట్లాడలేదు.

ఆ ఏడు ఒక సాయంత్రం జోరున వాన. ఆమెను తీసుకురావడానికి గొడుగుతో వెళ్లాను. ఇంజను కప్పు కింద, డ్రైవరు నిలబడే చోట, అత్త ఒక మూల, కాపలావాడు ఒక మూల కూర్చున్నారు. ఒకరి మొహం ఒకరు చూడడం లేదు. మధ్యలో శనక్కాయల బుట్ట. ఇద్దరి చేతులూ అందులోకి వెళ్లి వస్తున్నాయి. కింద వాన నీళ్లలో తొక్కలు తేలుతూ పట్టాల వెంట పోతున్నాయి.