సాంచాలు ఆగితేనే కథ

మొన్న జగిత్యాలలో చీరల కొట్టు ముందు నుంచి పోతుంటే, అప్పుడే విప్పిన నూలు చీర మడతల్లోంచి గంజి వాసన వచ్చింది. అంతే, కొనాల్సిన కూరగాయలు మరిచి, సిరిసిల్లలో మా ఇంటి వసారాలో, బాపమ్మ రాట్నం పక్కన కూర్చుండిపోయాను. మా నాన్నను, అదే మా బాపును కన్న ఆ తల్లి ఎండాకాలం మధ్యాహ్నాల్లో ఉప్పూ కారం అద్దిన మామిడికాయ ముక్కలు నా ముందు పెట్టి, ఒక చేత్తో రాట్నం తిప్పుతూ, మరో చేత్తో కండెకు నూలు పడుతూ కథ చెప్పేది. నేను ఊ కొట్టాలి. ఊ ఆగితే కథా ఆగేది.

కొన్నాళ్ళకు బాపు చేమగ్గం తీసేసి మరమగ్గాలు పెట్టించాడు. మా ఊళ్ళో వాటిని సాంచాలంటారు. ఆ చప్పుడుకు గోడలు అదిరేవి, బాపమ్మ నోరు కదలడమే కనిపించేది. గొంతు చించుకుని చెప్పిచూసి, ఆఖరికి విసిగిపోయింది.

"నీ ఊ ఇనవడ్తలేదు బిడ్డా. గోడకు జెప్పుకోవాల్నా?" అన్నది.

ఆనాటి నుంచి కరెంటు పోతేనే కథ. పోయిందంటే చాలు, తొక్కుడుబిళ్ల ఆట వదిలేసి ఉరికొచ్చేదాన్ని. బాపు ఆగిన సాంచా మీద చెయ్యేసి దిగులుగా నిలబడేవాడు.

"కరెంటు పోతె దీనికి పండుగ. రేపు బువ్వెట్లొస్తదో నీ బాపమ్మనే అడుగు," అని గొణిగేవాడు.

నాకిష్టమైన కథ ఒకటుండేది. వెల్గటూరు దగ్గర గోదావరిలో తల్లి గాజులు జారవిడిచిన పిల్ల, వాటిని తిరిగిమ్మని ఆ నదినే అడగడానికి నీళ్ళలోకి దిగుతుంది. ఆ పిల్ల నడుము లోతుకు వెళ్ళేసరికి కరెంటు వచ్చేది. మధ్యలోంచి అందుకోవడం బాపమ్మకు నచ్చేది కాదు, మళ్ళీ మొదటికే వచ్చేది. వచ్చి, ఓసారి ఒడ్డున తంగేడు పూలను, ఓసారి పడవవాడి దగ్గును కొత్తగా కలిపేది. అందుకే కథ పెరిగేది గానీ ముందుకు సాగేది కాదు. రాయడంలో నాకేమైనా చేతనయితే, అది ఆ దగ్గు దగ్గర నేర్చుకున్నదే.

నా మొదటి పుస్తకం పట్టుకుని కోరుట్లలో మేనత్త ఇంటికి వెళ్ళాను. బాపమ్మ అప్పుడు అక్కడే ఉండేది. చెవి దగ్గర నోరు పెట్టి, "గా పిల్లకు గాజులు దొరికినయా బాపమ్మా?" అని అడిగాను. ఆమె చెవులను సాంచాలు ఎప్పుడో తినేశాయి. నా పెదవులకేసి చూసి నవ్వి, "తిన్న బిడ్డా. నువ్వు దిన్నవా?" అన్నది. రాసి చూపిద్దామంటే ఆమెకు చదువు రాదు. రాసుకుని బతికేదాన్ని, ఒక్క మాట అడగలేక ఏడుపొచ్చింది. ఆ ఏడే బాపమ్మ పోయింది.

ఇప్పుడు ఆ ఇంట్లో రాట్నం లేదు, సాంచాలు తూకానికి పోయాయి, కరెంటు పోవడమూ అరుదే. ఆ కథను నేనే రాసి, ముగింపు పెట్టి పత్రికకు పంపాను. ముగింపే బాగుందని అందరూ మెచ్చుకున్నారు. తలూపుతాను గానీ, అది నా ముగింపు. బాపమ్మ ఆ పిల్లను నీళ్ళలోంచి ఎట్లా బయటికి తెచ్చేదో, అసలు తెచ్చేదో లేదో, నాకిక ఎవరూ చెప్పరు.