చాయ్ ఆకు మెత్తగుంటదా

కోయంబత్తూరు స్టేషను బయట కారు తలుపు తీసి పట్టుకున్న గైడు నన్ను కాదు, నా వెనక్కి చూశాడు. నా వెనక ఎవరూ లేరు.

“ఇద్దురు అని ఉండాదే సార్. ఇంకొకరు ఎక్కడ?”

“మా అక్క. రాలేదు.”

“ఒంట్లో బాగలేదా?”

“మోకాళ్ళు. చూపు గూడ ఆనదు. పోదాం పట్టు తమ్మీ.”

నిజానికి అక్క బయలుదేరింది. భూపాలపల్లిలో ఆమె ఉండేది కూతురి దగ్గర. ఆ ఇంటి గడప దాకా వచ్చింది. మంచి చీర కట్టుకుంది, గుడ్డ సంచిలో అటుకులు పోసుకుంది, చెప్పులు తొడుక్కుంది. ఆటో వచ్చి ఆగిన తర్వాత చెప్పులు విడిచేసి మళ్ళీ మంచం మీద కూర్చుంది.

“నేనొచ్చి ఏం జూస్తరా? పచ్చగ మసకమసక కొడ్తది. గా మసక ఈడ చింతచెట్టు కింద గూడ ఉన్నది. నువ్వు వోయి ఆకు వట్టుకరా. కండ్లు వోయినయి గని చేతులు వోలేదు గద.”

ఆమె కూతురు, అంటే నా మేనకోడలు, ఫోనులో కుదిర్చిన ప్రయాణం అది. ఒక పూర్తి రోజు, మనకోసమే ఒక కారు, తెలుగు వచ్చిన గైడు, కూనూరు దిక్కు తేయాకు కొండలు, సాయంత్రానికి మళ్ళీ స్టేషను. ఇద్దరికి తక్కువైతే తీసుకోరట. అందుకని అక్క రాకపోయినా ఆమె సీటు వచ్చింది. ఆ సీట్లో ఆమె నా చేతికిచ్చిన అటుకుల సంచి పెట్టాను.

అక్కకు కొండలతో పని లేదు. ఆమెకు తెలియాల్సింది ఒక్కటే, నా చిన్నతనం నుంచి నన్ను అడుగుతున్నదీ అదే: చాయ్ ఆకు మెత్తగుంటదా, మన తునికాకు లెక్క బిరుసుగుంటదా?

మాది భూపాలపల్లికి అవతల అడవి అంచు ఊరు. ఎండాకాలం వస్తే ఊరంతా తునికాకు మీదే బతికేది. బీడీలు చుట్టే ఆకు అది. చీకటితోనే అడవికి పోవాలి, ఎండ ముదరకముందే మోపు నెత్తిన పెట్టుకొని రావాలి, నీడన కూర్చొని కట్టలు పేర్చి నారతో బిగించాలి, పొద్దు వాలేసరికి ఆకు కొనే కల్లానికి మోసుకుపోవాలి. అక్కడ గుత్తేదారు పెట్టిన కల్లేదారు ఉండేవాడు. కట్టలు విప్పి, ఆకుకు చిల్లి ఉన్నా, ఆకు లేతగా ఉన్నా అవతలికి విసిరేసేవాడు. విసిరేసిన ఆకు మళ్ళీ చెట్టుకు అతకదు కదా! ఆ మనిషి చచ్చిపోయి చాలా కాలమైంది. నా కోపానికి ఆ సంగతి ఇంకా తెలియదు.

మా అమ్మ కూలికి పోయేది కాబట్టి నన్ను సాకింది అక్కే. ఆకు తెంపడం నేర్పిందీ ఆమే. నేను లేతాకు మీద చెయ్యి వేస్తే నెత్తి మీద ఒకటి పడేది. “లేతది ముట్టకు. ఎండితె నల్లవడ్తది. అరచెయ్యంత ఉండాలె, చిల్లి ఉండొద్దు.” ఆమె వేళ్ళు పగిలి ఉండేవి. నార బిగించిన చోట చర్మం కోసుకుపోయి, మానేలోపే మళ్ళీ కోసుకుపోయేది. రాత్రి అన్నం కలుపుకుంటే కారం తగిలి చెయ్యి విదిలించేది.

కల్లం దగ్గర గుడిసెలో చాయ్ కాచేవారు. ఆ పొడి పొట్లం మీద ఒక బొమ్మ: పచ్చటి కొండ, వీపున బుట్ట వేసుకొని నవ్వుతున్న ఆడమనిషి, ఆమె వేళ్ళ మధ్య ఆకు. అక్క ఖాళీ పొట్లం అడిగి తెచ్చి, గంజి రాసి ఇంట్లో గోడకు అతికించింది. నాకు బడి దక్కలేదు. పొట్లాల మీదా, ఎరువు సంచుల మీదా, బస్సుల ముఖాల మీదా అక్షరాలు ఏరుకున్నవాణ్ణి. ఆ పొట్లం మీద ఉన్నదంతా కూడబలుక్కొని అక్కకు చదివి వినిపించాను. ఆమె అదేదీ వినలేదు. బొమ్మనే చూస్తోంది.

“బుట్ట ఈపుకున్నది సూడు. రెండు చేతులు ఖాళీ. మనకెందుకు తోచలేదురా గిది? సల్లటి కొండలట, చెమట వట్టదు. నవ్వుతాంది సూడు. ఆకు మెత్తగుంటదేమో. లేకపోతె ఎవలన్న గట్ల నవ్వుతరా?”

తర్వాత నేను భూపాలపల్లి బొగ్గుబాయిలో పనికి కుదిరాను. అక్క మోకాళ్ళు మొరాయించేదాకా తునికాకే తెంపింది. ఆ గోడ ఒక వానకు కూలింది. ప్రశ్న మాత్రం మిగిలింది. చాయ్ గ్లాసు చేతికి ఇచ్చినప్పుడల్లా అడిగేది, నేను “నాకేం ఎరుక” అనేవాణ్ణి.

కారు కొండ ఎక్కుతోంది. గైడు కుటుంబం ఎన్నో తరాల కింద ఆ దిక్కుకు వలస పోయిన తెలుగువాళ్ళట. చెడ్డవాడు కాదు, మాటకారి.

“మీరు మాట్లాడేది సినిమాలో కామెడీ వాళ్ళ మాదిరి ఉండాది సార్. భలే నవ్వు వస్తాది.”

“మాది కామెడీ గాదు తమ్మీ. కామెడీ చేసినోళ్ళు మా దిక్కు ఒక్క రాత్రి గూడ పండలే. మా మాట వాళ్ళకేం ఎరుక?”

గైడు చూపు రోడ్డు మీదికి తిప్పుకున్నాడు. మలుపు తిరిగి తోటలు కనబడగానే హుషారు మళ్ళీ వచ్చింది. కొండలకు కొండలే దువ్వినట్టున్నాయి. నేను పక్కసీటు వైపు తిరిగి “అక్కా, సూడు” అనబోయి ఆగాను. అటుకుల సంచి మలుపుకు ఒరిగి ఉంది. నిలబెట్టాను.

“ఈ తోటంతా ఒక తెల్లదొర నాటినాడు సార్.”

“నడుం వంచి నాటిండా?”

“ఏమి సార్?”

“గడ్డపార వట్టి గుంత తవ్విండా అంటున్న.”

గైడు అద్దంలో నన్ను చూసి నవ్వాడు. “మనుషుల చేత నాటించినాడు సార్.”

“గట్ల జెప్పు. మా దిక్కు గూడ అన్నీ దొరలే కట్టిన్రట. మేం పక్కన నిలవడి సూసినమట.”

చాయ్ రుచి చూపించే చోట మా బల్ల మీద రెండు కప్పులు పెట్టారు. పాలు లేవు, శక్కర లేదు. ముందు వాసన చూడాలట, తర్వాత చప్పుడు చేస్తూ పీల్చాలట, నాలుక మీద ఆపాలట. అది చాయ్ కాదు, జరం వస్తే తాగించే కషాయం. నాది తాగేశాను. రెండో కప్పులో ఆవిరి తగ్గేదాకా కూర్చున్నాను. పారబోయడానికి మనసు ఒప్పక అదీ తాగాను.

అక్కణ్ణుంచి ఫోటోలు తీసే తోటకు తీసుకుపోయాడు. పట్నం నుంచి వచ్చిన ఆడవాళ్ళు, మగవాళ్ళు రంగురంగుల బట్టలు అద్దెకు తొడుక్కొని, వీపున ఖాళీ బుట్టలు వేసుకొని, ఆకు తెంపుతున్నట్టు నిలబడి నవ్వుతున్నారు. పొట్లం మీద బొమ్మలో ఉన్న నవ్వే. నాకు ఒళ్ళు మండింది.

“మీరూ వేసుకోండి సార్. అక్కగారికి చూపించచ్చు.”

“ఆమెకు చూపు లేదని పొద్దున్నే జెప్పిన. నాకు ఫోటో వద్దు, ఆకు గావాలె.”

“ఆకు తెంపకూడదు సార్. బోర్డు ఉండాది. కావలిస్తే పొడి ప్యాకెట్టు కొనచ్చు.”

“పొడి మా ఊళ్ళె దొరుకుతది. పొడి కోసం ఇంత దూరం వచ్చిన్ననా?”

గైడుకు ఏదో ఫోను వచ్చి అటు తిరిగాడు. నేను బాట వెంట నడిచి, ఫోటోల గోల వినబడని దగ్గర, అంచున ఉన్న ఒక చెట్టు ముందు ఆగాను. బోర్డులు రాసేవాళ్ళకు మా అక్క సంగతి తెలియదు. చెయ్యి దానంతటదే పోయింది. పైన మెరుస్తున్న చిగుళ్ళను తప్పించి, కొమ్మ కిందికి దిగి, చిల్లి లేనివి, వెడల్పైనవి చూసి తెంపుతూ పోయింది. ఎన్ని ఏళ్ళయినా మరువలేదని నాకు గర్వంగా కూడా అనిపించింది. ఆకులను ఒకదాని మీద ఒకటి పేర్చి, కాడలన్నీ ఒక దిక్కుకు సరిచేసుకుంటున్నాను.

వెనక ఎవరో పకపకా నవ్వారు.

పని చేసే మనిషి. నడుముకు ప్లాస్టిక్ పట్టా చుట్టుకుంది, కాళ్ళకు రబ్బరు బూట్లు, భుజాన ఎరువు బస్తా అంత గోనె. చేతిలో పెద్ద కత్తెర, దానికి తెంపిన ఆకు పడే డబ్బా. బుట్ట లేదు. ఆమె హిందీలో ఏదో అంది. బొగ్గుబాయిలో ఉత్తరాది వాళ్ళతో, భూపాలపల్లి బజారులో దుకాణాల వాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ నాకూ కొంత వచ్చు. ఆమె మాటలు ఇక్కడ నా మాటల్లో రాస్తున్నాను.

“బాబా, మీ దిక్కు కేందు చెట్టు ఉందా?”

మన తునికిని వాళ్ళు కేందు అంటారు. నేను నోరు తెరిచాను. “నీకెట్ల ఎరుక?”

“గా చేతుల పేర్చుడు సూస్తె ఎరుక గాదా? నేను గూడ ఈడికి వచ్చిన మొదటి దినం గిట్లనే జేసిన. కత్తెర పక్కకు వెట్టి, సంచి నిండ మంచి మంచి ముదురాకు తెంపిన. మేస్త్రీ తిట్టి తిట్టి అంత కుప్ప పారవోయించిండు.”

“మా దగ్గర లేతది తెంపితె పారేస్తరు.”

“మా దగ్గర గూడ అంతే గద! ఈడనే తిరకాసు, చిగురే గావాలంటరు.”

ఆమెది ఝార్ఖండ్ అట. చిన్నప్పుడు ఎండల్లో కేందు ఆకు తెంపిన చెయ్యే. ఎవరికోసం తెంపుతున్నావని అడిగింది. అక్క సంగతి, గోడ మీద బొమ్మ సంగతి, ఆ ప్రశ్న సంగతి చెప్పాను. ఆమె తన కత్తెర వైపు చూసుకుంది.

“బొమ్మల ఆమె వేళ్ళతోని తెంపుతది. ఇప్పుడు మాకు ఆకు చేతికి తగులుడే తక్కువ బాబా.”

కత్తెర కింద పెట్టి, పైనుంచి మొగ్గతో పాటు రెండేసి ఆకులు గిల్లింది. నా తువ్వాల అడిగి తీసుకొని, తన సీసాలో నీళ్ళతో తడిపి, అందులో చుట్టింది. “సాయంత్రం దాక మంచిగుంటయి.”

“మా ఇల్లు శాన దూరం.”

ఆమె చుట్టడం ఆపింది. “అయితె ఇప్పుడే పట్టుకొని గుర్తు వెట్టుకో.”

పట్టుకున్నాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలపకుండా జరిపాను. చెంపకు ఆనించాను. దేనిలా ఉందని అక్కకు చెప్పాలో ఒక్క మాట దొరకలేదు. ఇన్ని మాటలు ఏరుకున్నవాణ్ణి!

“మీ దిక్కు పండ్లు వచ్చినయా?” ఆమె అడిగింది.

తునికి పండ్ల సంగతి. మా మేనకోడలి ఇంట్లో గంప నిండా ఉన్నాయి, ఈగలు ముసురుతున్నాయి. “వచ్చినయి” అన్నాను.

“ఈ కొండల మీద అన్ని దొరుకుతయి. గది ఒక్కటే దొరకదు.” ఆమె వేళ్ళు నోటి దగ్గరికి వెళ్ళి, అక్కడే ఆగాయి. “వడగాలి కొడుతాందా ఆడ?”

“నిప్పులు కురుస్తున్నయి.”

“ఇంత చలి నాకు పడదు బాబా” అని కత్తెర ఎత్తుకుంది.

కారు దాకా పరుగులాంటి నడక నడిచి, అటుకుల సంచి తెచ్చి ఆమెకు ఇచ్చాను. మూతి విప్పి వాసన చూసింది, పట్టా కింద కొంగులో దోపుకుంది. గైడు దూరం నుంచి “సార్, టైము!” అని కేకేస్తున్నాడు. తిరుగు దారిలో నా పక్కసీటు నిజంగా ఖాళీ అయింది.

రైల్లో తువ్వాల తడుపుతూనే ఉన్నాను. అయినా చిగుళ్ళు అంచుల నుంచి నల్లబడ్డాయి. నేను తెంపిన ముదురాకులు మాత్రం అలాగే ఉన్నాయి, దర్జాగా.

అక్క మంచం మీద కూర్చొని చేతులు చాపింది. ముందు ముదురాకులే ఇచ్చాను. ఆమె ఒకదాన్ని తిప్పి, అంచు వెంట గోరు నడిపింది.

“అంచుకు పండ్లున్నయి. రంపం లెక్క. బీడీకి పనికిరాదు.” మాట్లాడుతుండగానే వేళ్ళు ఆకులను పేర్చి, కాడలు కలిపి, కట్ట చేసేశాయి. “నార లేదా? గింత బిరుసు ఆకా? గిది తెంపుకుంటనా ఆమె నవ్వింది?”

“అది గాదే అక్కా. అది నా తప్పు. తెంపేది చిగురు.” జరిగింది చెప్పాను.

“లేతది తెంపుతరా!” అక్క ఎప్పటికో గాని నవ్వు ఆపలేదు. “నీ నెత్తి మీద కొట్టిన దెబ్బలన్ని ఉత్తగనే కొట్టిన్ననా?” తర్వాత అడిగింది, “ఆకిచ్చిన ఆమెకు ఏమిచ్చినవ్?”

“నీ అటుకులు.”

“అటుకులా? పండ్లు అడిగిన మనిషికి అటుకులు ఇచ్చినవా? ముందుగాల జెప్తె పండ్లు కట్టి పంపకపోదునా!” నిజంగానే కోపం వచ్చింది ఆమెకు. ముందుగా ఎవరు చెప్పాలో, ఎలా చెప్పాలో నేను అడగలేదు. “పేరన్న అడిగినవా?”

“లేదు.”

“ఏం మనిషివిరా!”

తువ్వాల విప్పి చిగురు ఆమె వేళ్ళ మధ్య పెట్టాను. అక్క చాలాసేపు పట్టుకుంది. వాసన చూసింది. నోట్లో పెట్టుకొని నమిలి, ముఖం చిట్లించి, ఉమ్మేసింది.

“చాయ్ వాసనే లేదు. ఒగరు.” మిగిలిన దాన్ని మళ్ళీ తడిమింది. “ఇది మెత్తగున్నదంటె వాడిపోయి మెత్తగున్నది. వాడితె ఏదన్న మెత్తగనే ఉంటది. చెట్టు మీద ఉన్నప్పుడు ఎట్లుండెరా? నువ్వు పట్టుకున్నవు గద?”

రైలంతా వెతికిన మాట అది. తల ఎత్తి ఆమెను చూశాను. ఒకప్పుడు బరువు నగలు వేలాడిన చెవులు. ఎప్పుడో కుదువకు పోయాయి అవి, తమ్మెలు మాత్రం సాగి అలాగే ఉన్నాయి.

“నీ చెవి తమ్మె లెక్కుండె, అక్కా. సల్లగ, గట్లనే.”

అక్క వాడిన చిగురును చీర మీద పెట్టుకుంది. పగుళ్ళు మానని ఆ రెండు వేళ్ళతో చెవి తమ్మె పట్టుకొని, నెమ్మదిగా అటూ ఇటూ జరిపింది. మేనకోడలు చాయ్ తెచ్చి పక్కన పెట్టింది. అది చల్లారిపోయేదాకా అక్క చెయ్యి చెవి మీది నుంచి దిగలేదు.